ఎడమచేతి రాజవంశం

ఆమె నా టేబుల్ మీద ఒక ఫొటో పెట్టి, "రాజుగారిది ఎడమచేతి వాటమా?" అని అడిగింది. నమస్కారం లేదు, ఏమీ లేదు.

చూశాను. సింహాసనం మీద రాజు, చుట్టూ పదకొండుమంది కొలువువాళ్లు. అందరి కత్తులూ కుడివైపు వేలాడుతున్నాయి. కుడిచేతి వాటం ఉన్నవాడు కత్తి ఎడమవైపు కట్టుకుంటాడని ఎవరికైనా తెలుస్తుంది. నాకు మాత్రం అప్పటిదాకా తట్టలేదు.

మ్యూజియంలో నా పని పాత గాజు నెగెటివ్‌లు, అంటే ఫొటో తీసిన గాజు పలకలు, స్కాన్ చేయడం. ఆమె ఆర్కిటెక్ట్. ఎప్పుడో కాలిపోయిన దర్బారు హాలుని నేను స్కాన్ చేసిన ఫొటోలు చూసి మళ్లీ కట్టిస్తోంది. తెలియదంటే సరిపోయేది. కానీ ఆమె కళ్లు పెద్దవి, నా బుర్ర చిన్నది. అది ఆ వంశం ఆచారమని చెప్పాను.

ఆమె శ్రద్ధగా రాసుకుంది.

మూడు వారాలు రోజూ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆ వంశం గురించి అడిగేది, నేను ఇంకో ముక్క కలిపేవాణ్ణి. యుద్ధంలో శత్రువులు తికమకపడి పారిపోయేవాళ్లని కూడా చెప్పాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో రెండు తరాలని ఎడమచేతివాళ్లని చేయడానికి నేను సిద్ధమే.

ఒక శుక్రవారం వాన వెలిశాక, ఆ ఫొటో తాలూకు గాజు పలకని కిటికీ వెలుగులో పట్టుకుని చూశాను. కత్తులన్నీ ఎడమవైపే ఉన్నాయి. స్కానర్ మీద పలకని తిరగేసి పెట్టింది నేనే. ఒక్కటి కాదు, అది ఉన్న పెట్టెలోని నలభై పలకలూ అంతే. కుడి ఎడమైంది, సింహాసనం పక్క మెట్లు కూడా అటు నుంచి ఇటు వచ్చాయి.

వడ్రంగులు సోమవారం ఆ మెట్లకి కలప కోస్తారు. అదే సోమవారం మా మ్యూజియం క్యూరేటర్ గారు నన్ను పర్మనెంట్ చేస్తూ సంతకం పెడతారు. చెబితే నా ఉద్యోగానికి ముప్పు, చెప్పకపోతే ఆమె పేరు పోతుంది. ఆమె ముఖం చూడలేనన్నది అన్నిటికంటే పెద్ద భయం.

అక్కకి చెప్పాను. "అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నువ్వు ఏకంగా ఒక వంశానికే అతికించావు కదరా. వెళ్లి చెప్పు," అంది.

సోమవారం పొద్దున్నే హాలు దగ్గరికి వెళ్లాను. వడ్రంగులు రంపాలు తీస్తున్నారు. ఆమె పక్కనే డ్రాయింగులు పరిచి చూస్తోంది.

"మెట్లు అటు కాదండీ, ఇటు. పలక తిరగేసింది నేనే. వంశం గురించి చెప్పినవన్నీ అబద్ధాలు."

"అన్నీనా?"

"అన్నీ. నిజమొకటుంది, అది చెప్పలేదు. రోజూ మీరెప్పుడొస్తారా అని చూసేవాణ్ణి. మీరంటే నాకు ఇష్టం."

ఆమె పని ఆపమని వడ్రంగులకి చెప్పింది. డ్రాయింగులు చుట్టింది. ఆ తర్వాత, క్యూరేటర్ గారికి తెలుసా అని అడిగింది. ముందు ఆయన ఇంటికే వెళ్లి చెప్పొచ్చానని, పర్మనెంట్ ఏడాది వాయిదా పడిందని, ఆదివారాలు కూర్చుని నలభై పలకలూ మళ్లీ స్కాన్ చేయాలని చెప్పాను.

"నాకు చాలా కోపంగా ఉంది," అంది.

"ఉంటుందండీ."

"ఆదివారాలు నేనూ వస్తాను. పలక ఏ వైపు పెడుతున్నారో పక్కనే కూర్చుని చూస్తాను. కోపం తగ్గేదాకా."

"తగ్గాక?"

"మా నాన్నగారిని తీసుకొస్తాను."

పలకలు పూర్తి కావడానికి ఎనిమిది ఆదివారాలు పట్టింది. ఆయన మూడో ఆదివారమే వచ్చారు.