తువ్వాల కింద ఐదు వేళ్ళు

నూట పది!

ముల్లు ఇంకా పైకే పోతోంది.

ఆలూరు దాటిన రోడ్డు మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో, వంకాయ రంగు ఇంపాలా రంకె వేస్తూ దూసుకుపోతోంది. స్టీరింగ్ నాగలత చేతుల్లో ఉంది.

అరవై ఐదో మోడల్ అమెరికా కారు. ఎడమ వైపు ఉండాల్సిన స్టీరింగ్‌ను కుడికి మార్చారు. బానెట్ కింద లారీ డీజిల్ ఇంజన్. వెనక బస్సు లైట్లు. అద్దానికి ఎద్దుల మువ్వలు. పుట్టినప్పటి అవయవం ఒక్కటీ మిగలని బండి!

నాగలతకు అలాంటిదే కావాలి. కర్నూలులో ఆమె పాత కార్లను పెళ్ళి ఫోటోలకు అద్దెకిస్తుంది. ఉన్న మూడింటిలో రెండు మూలపడ్డాయి. ఈ బండి దొరికితే వ్యాపారం నిలుస్తుంది. దొరకకపోతే షెడ్డుకు తాళం.

కానీ... పక్క సీట్లోని మనిషి!

ఆయన రోడ్డు చూడడం లేదు. అద్దంలో వెనక్కి చూస్తున్నాడు. నిమిషానికి నాలుగుసార్లు.

అరవై ఏళ్ళుంటాయి. కలిసినప్పుడు తన పేరు ఓబుళేశు అన్నాడు, అంతే. కుడిచెయ్యి ప్యాంటు జేబులోంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

ఆ జేబు వైపు చూడకుండా ఆమె జాగ్రత్త పడుతోంది. కారణం ఆమెకు తెలుసు.

పది రోజుల క్రితం ఓబుళేశే ఫోన్లో చెప్పాడు.

"ఈ కారు ఫ్యానే నా కుడిచేతి రెండేళ్ళు తినిందమ్మా. చిటికెనేలు, దాని పక్కేలు. తువ్వాల కింద బేరమాడితే నీకు మూడేళ్ళే తగుల్తాయి. మరిచిపోవాకు."

నాగలత అప్పుడు నవ్వింది. ఆమె తండ్రి గిడ్డయ్య పశువుల సంతలో దళారి. ధర నలుగురి చెవిన పడకుండా, తువ్వాల కప్పి, వేలికి ఇంత లెక్కన వేళ్ళు పట్టి బేరం తేల్చేవాడు. కొడుకులు లేరు కాబట్టి ఆ విద్య కూతురికి నేర్పాడు.

ఓబుళేశు ఇంకా చాలా చెప్పాడు. రేడియో రెండో మీట నొక్కితే పాట రాదట. డిక్కీ మూత స్ప్రింగుల మీద ఎగిరి తెరుచుకుంటుందట. వెనక నిలబడినవాడి మూతి పగులుతుందట. చెప్పి, గలగలా నవ్వాడు.

ఈ మనిషి నవ్వడు. గొంతు కూడా వేరుగా ఉంది. ఫోన్లో గొంతులు మారతాయిలే అని సర్దుకుంది.

గేరు మార్చింది. గర్రుమంది.

ఆయన ముఖం చిట్లించుకున్నాడు, పన్ను సలిపినట్టు.

"మెల్లగా తోలమ్మా. అదో, ఆ రాళ్ళ షెడ్డు కాడ నిలుపు. నీడలో నిలుపు."

నాపరాళ్ళు కోసే పాత షెడ్డు. మనుషుల్లేరు. లోపలికి పోతే రోడ్డు మీద నుంచి కారు కనబడదు.

నీడ కావాలా? చాటు కావాలా?

ఇంజన్ ఆపింది. మువ్వలు ఆగాయి.

టక్.

ఎక్కడో ఇనుము మీద చిన్న చప్పుడు.

"ఏందన్నా అది?"

"సైలెన్సరు. వేడికి టక్కుమంటాంటాది."

ఆయన మళ్ళీ రోడ్డు వైపు చూశాడు.

ఇద్దరూ దిగారు. నాగలత సంచిలోంచి తండ్రి వాడిన ఎర్ర తువ్వాల తీసి బానెట్ మీద పరిచింది. ఆయన అర్థం కానట్టు చూశాడు. ఫోన్లో అనుకున్నదే కదా అని ఆమె గుర్తుచేసింది. ఆయన తడబడి, సరేనంటూ జేబులోంచి చెయ్యి తీశాడు.

మర్యాద కోసం ఆమె చూపు తిప్పుకుంది.

తువ్వాల కింద ఆమె వేళ్ళు ఆయన వేళ్ళను తడిమాయి.

బొటనవేలు. చూపుడువేలు. మధ్యవేలు.

ఉంగరపు వేలు!

చిటికెన వేలు!

ఐదు...

ఆమె చెయ్యి లాక్కోలేదు. లాక్కుంటే తెలిసిపోతుంది.

టక్. టక్.

ఈసారి చప్పుడు ఎక్కడిదో తెలిసింది. డిక్కీలోంచి!

అసలు ఓబుళేశు డిక్కీలో ఉన్నాడు.

చెయ్యి ఖాళీ చేసిన జేబు బరువుకు వేలాడుతోంది. అంచున పిస్తోలు పిడి కనబడుతోంది. ఫోన్ తీస్తే ఈ మనిషి చూస్తాడు. చూస్తే ఏమవుతుందో ఆ పిడి చెబుతోంది.

బయట నలభై మూడు డిగ్రీలు. లోపల ఇనుప పెట్టె. అందులో మనిషి ఎంతసేపు బతుకుతాడు?

వేళ్ళతో బేరం సాగించింది. నాలుగు వేళ్ళు పట్టింది. ఆయన ఊ అన్నాడు. మూడుకు దిగింది. దానికీ ఊ అన్నాడు. ధర మీద ధ్యాసే లేదు. సొంత సొత్తును ఇలా ఎవరు వదులుకుంటారు? ఎత్తుకొచ్చినవాడే వదులుకుంటాడు!

నాగలత చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బేరం కుదిరిందన్నా. నిమ్మకాయలు తొక్కించినాకనే నేను దుడ్లు పంపేది. మా ఇంటి ఆనవాయితీ."

కాదంటాడనుకుంది. ఆయన వెంటనే తల ఊపాడు. ఆలస్యమే తనకు కావాలన్నట్టు!

ఎవరి కోసం?

దూరాన మట్టిదారిలో దుమ్ము లేచింది. ఏదో జీపు ఇటే వస్తోంది. వీడి మనుషులే అయ్యుండాలి.

సంచిలోని నాలుగు నిమ్మకాయలు ఆయన చేతిలో పెట్టింది. తువ్వాల భుజాన వేసుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది. ఆయన వంగి ముందు చక్రాలకు రెండు పెట్టాడు. వెనక్కి నడిచాడు.

ఆమె చూపు అద్దంలోనే ఉంది.

ఆయన డిక్కీ దగ్గర ఆగాడు. మిగిలిన కాయలు కింద పడేశాడు. మూత మీద అరచెయ్యి ఆనించాడు. వంగి, పళ్ళు కొరుకుతూ లోపలి మనిషితో ఏదో అన్నాడు.

కుడిచెయ్యి జేబులోకి పోయింది.

పిస్తోలు బయటికొచ్చింది!

రేడియో. రెండో మీట.

నొక్కింది.

ధడ్!

మూత ఎగిరి ఆయన దవడను తాకింది. మనిషి వెల్లకిలా పడ్డాడు. పిస్తోలు నాపరాళ్ళ మీద జారిపోయి ఆగింది.

నాగలత దిగి పరుగెత్తింది. డిక్కీలో నలభై ఐదేళ్ళ మనిషి. చెమటలో మునిగి ఉన్నాడు. నోట్లో గుడ్డ, చేతులకు తాడు. కుడిచేతికి... మూడే వేళ్ళు.

బతికే ఉన్నాడు!

గుడ్డ పీకేసింది. నీళ్ళ సీసా కోసం ముందు సీటు వైపు పరుగెత్తింది. సీసా తీసుకుని వెనక్కి తిరిగేసరికి...

రెండు వేళ్ళు లేని సన్నని చెయ్యి తాడులోంచి జారి బయటపడి ఉంది. మనిషి డిక్కీలోంచి దిగి నిలబడ్డాడు. పిస్తోలు ఆ చేతిలో ఉంది. గురి కిందపడ్డ మనిషి గుండెల మీద ఉంది.

"వద్దు ఓబుళేశన్నా. పోలీసులకు పట్టిద్దాం."

ఓబుళేశు గలగలా నవ్వాడు. ఫోన్లో విన్న నవ్వే.

"పోలీసులను పిలిచిందే ఈయప్ప. ఆ దుమ్ము వాళ్ళదే. నేను వట్టి మెకానిక్కునమ్మా. ఓనరు ఈ కేశవయ్యే. పదేండ్లు ఇద్దరం కలిసి చేసిన బండి. వేళ్ళు పోయింది నాకు, పేరొచ్చింది ఈయప్పకు. నేనెందుకు అమ్ముకోకూడదు?"

నేల మీద కేశవయ్య నెత్తురు ఉమ్మాడు.

"పొద్దున కారు తోలుకపోతాంటే పట్టుకొంటినమ్మా. పిస్తోలు కూడా వీనిదే. అంతలో వీని ఫోన్‌కు నువ్వు చేస్తివి... నువ్వూ వీని జతదానివే అనుకొంటి. వాళ్ళొచ్చేదాక నిన్ను నిలబెట్టుకుందామని..."

గేరు గర్రుమంటే చిట్లిన ముఖం. నీడలో నిలుపమన్న మాట. ధర మీద ధ్యాస లేని వేళ్ళు.

అన్నీ ఆమె వేళ్ళకు తగిలాయి. ఒక్కటీ తెలుసుకోలేదు!

జీపు చప్పుడు దగ్గరవుతోంది. ఓబుళేశు ముఖంలో నవ్వు చచ్చిపోయింది.

"కారెక్కు. నువ్వే తోలాల. ఈయప్ప పని అయిపోనీ."

బొటనవేలితో పిస్తోలు గుర్రాన్ని వెనక్కి లాగాడు. క్లిక్.

డిక్కీ తెరిచి ఆమే బయటికి తెచ్చిన చెయ్యి అది.

నాగలత భుజం మీది తువ్వాల తీసింది.

"బేరం ఇంకా అయిపోలేదన్నా."

అతను తల తిప్పాడు. ఆ లిప్తలోనే ఎర్ర తువ్వాల ఎగిరి అతని చేతిని కప్పేసింది. దాని కిందికి ఆమె రెండు చేతులూ దూసుకుపోయాయి.

బొటనవేలు.

చూపుడువేలు, ట్రిగ్గరు మీద.

మధ్యవేలు.

అంతే. మూడు.

ఈసారి లెక్క సరిపోయింది.

పళ్ళ బిగువున మణికట్టును మెలితిప్పింది. అతను ఎదురు తిప్పాడు. గొట్టం ఎవరి వైపు తిరిగిందో పైనుంచి చూసేవాళ్ళకు కనబడదు. తువ్వాల కింద బేరం అంతే... ముగిసేదాకా ఎవరికీ తెలియదు.

చూపుడువేలు బిగిసింది.

ఢాం!