ఎవరూ చదవని కోడ్

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే ఉండనివ్వండి, చెవులు మాత్రం నాకివ్వండి. ఇది దొంగతనం కథ. ఇందులో పగిలిన తాళం లేదు, కత్తి లేదు. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా డబ్బు మాయమైంది.

మంగళవారం. ఉదయం పదకొండు నలభై.

ఒక టైలరమ్మ తన కుట్టు షాపు అమ్మేసింది. ఇరవై ఏళ్ళు మిషన్ తొక్కి సంపాదించుకున్న ఒంటి గది అది. ఒక్కతే కూతురు, ఇంకా బడికెళ్తోంది. భర్త ఆసుపత్రిలో ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళు బ్యాంకులో అటెండరుగా ఫైళ్ళు మోసిన మనిషి, కాలేయం చెడి మంచాన పడ్డాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా డబ్బు కడితే ఆపరేషన్. కట్టకపోతే ఆ అవకాశం వరసలో ఉన్న తర్వాతి రోగికి పోతుంది.

షాపు కొన్నది పక్కనున్న రంగుల కొట్టాయన. ఆయన గోళ్ళు చూస్తే చాలు, ఆ రోజు ఏ రంగు డబ్బాలు తెరిచాడో చెప్పెయ్యొచ్చు. తన బ్యాంకుకు వెళ్ళి, టైలరమ్మను పక్కన నిలబెట్టుకుని మరీ ఆమె ఖాతాకు డబ్బు పంపాడు. కౌంటర్ అమ్మాయి స్క్రీన్ చూసి, సక్సెస్ అంది.

టైలరమ్మ ఖాతాలో చిల్లిగవ్వ పడలేదు.

రెండు రోజులు బ్యాంకుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. గురువారం ఉదయం తొమ్మిదింటికి పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది.

ఇన్‌స్పెక్టరమ్మకు మోకాళ్ళ నొప్పులు. అందుకని ఎవరినైనా కూర్చోబెట్టే మాట్లాడుతుంది. ఫిర్యాదు రెండుసార్లు చదివింది. రేపు నాలుగు గంటలు అన్నచోట గీత గీసింది.

మొదట రంగుల కొట్టాయన. నేను కొన్నది గోడలే గానీ పాపం కాదు మేడమ్ అని రసీదు ముందు పెట్టాడు. రసీదులో తేడా లేదు. డబ్బు ఆయన ఖాతాలోంచి పోయిన మాట నిజం.

తర్వాత కౌంటర్ అమ్మాయి.

"పేరు సరిచూశావా?"

"కంప్యూటర్ పేరు చూడదు మేడమ్. ఖాతా నంబరు, బ్రాంచి కోడ్. ఆ రెండూ కుదిరితే డబ్బు వెళ్ళిపోతుంది. పేరు ఎవరిదైనా దానికి ఒకటే."

"నంబరు?"

"ఆవిడే మూడుసార్లు చదివింది. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూసుకుంది. నేనే విసుక్కున్నాను."

"కోడ్?"

"చీటీలో ఉన్నది కొట్టాను."

ఆ చీటీ తెచ్చిచ్చింది టైలరమ్మ మరిది. చేయిపెట్టిన ప్రతి వ్యాపారం ముంచుకున్నవాడు. అందరి వేళ్ళూ అతని వైపే. వదిన రెండు రోజులుగా అతని మొహం చూడటం మానేసింది.

"చీటీ రాసింది నువ్వేనా?"

"నేను కాదు మేడమ్. ఆసుపత్రిలో మంచం పక్కన బల్ల మీదుంది. వదిన రాసి పెట్టిందనుకున్నా."

టైలరమ్మేమో మరిది రాశాడనుకుంది.

"బ్రాంచి కోడ్‌లో ఎన్ని అక్షరాలుంటాయి?"

"ఆరు." నీళ్ళు నమిలాడు. "ఎనిమిదా?"

"పదకొండు," అని ఇన్‌స్పెక్టరమ్మ అతన్ని పంపించేసింది.

సాయంత్రం చీటీనీ పాస్‌బుక్‌నూ పక్కపక్కన పెట్టుకుంది. పేరు కుదిరింది. నంబరు కుదిరింది. కోడ్ దగ్గర వేలు ఆగింది. కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి. పాస్‌బుక్ మీద ఒక బ్యాంకు. చీటీ మీద ఇంకొకటి.

శుక్రవారం ఉదయం పదింపావుకి ఆ రెండో బ్యాంకులో ఉంది. మేనేజరు మురిసిపోతూ చెప్పాడు. వాళ్ళ దగ్గర ఖాతా నంబరు కస్టమరే ఎంచుకోవచ్చట. ఫోన్ నంబరు, పుట్టినరోజు, ఖాళీగా ఉన్నది ఏదైనా ఇస్తారట. పదహారు రోజుల క్రితం, ఉదయం పది ఇరవైకి, ఒక కస్టమరు వచ్చి ఫలానా నంబరే కావాలని పట్టుబట్టాడట. అచ్చంగా టైలరమ్మ నంబరు.

డబ్బు ఉందా అని అడిగింది. ఉంది, కదల్లేదన్నాడు. ఖాతా తెరిచిన ఫారాన్ని చీటీ పక్కన పెట్టి, రెండిట్లో చేతిరాత ఒకటేనా అని చాలాసేపు చూసింది. డబ్బు తీసే ఫారం ఒకటి అడిగి ఫైల్లో పెట్టుకుంది. అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళి స్కానింగ్ రిజిస్టరు తిరగేసింది.

మూడు గంటల పది నిమిషాలు. వార్డులో మంచం చుట్టూ అందరినీ నిలబెట్టింది.

"నంబరు ఒకటే, బ్యాంకులు రెండు. మీరంతా నంబరే చూశారు. కోడ్ ఎవరూ చదవలేదు. చదవరని తెలిసిన మనిషి చేసిన పని ఇది. పదహారు రోజుల క్రితం స్కానింగ్ అని తొమ్మిదింటికి ఇంట్లోంచి బయల్దేరాడు. స్కానింగ్ రిజిస్టర్లో సంతకం పెట్టింది పన్నెండుంపావుకి."

మంచం వైపు తిరిగింది.

"ఖాతా మీ అమ్మాయి పేరున ఉంది. సంరక్షకులు మీరు. మీ సంతకం లేకుండా ఎవరూ తీయలేరు."

టైలరమ్మ మంచం పట్టీ పట్టుకుంది.

"మూడుసార్లు చదివాను గదయ్యా."

"చదువుతావని తెలుసు కాబట్టే నీ నంబరు అడిగి తీసుకున్నా," అన్నాడు భర్త. "పదిలో ఒక వంతు బతుకుతానని డాక్టరు నీకు చెప్పాడు. ఈ గోడలు పల్చన, నాకూ వినబడింది. ఆ ఒక్క వంతుకి నువ్వు షాపు ఇచ్చేస్తావు, పిల్ల చదువు ఇచ్చేస్తావు. నీ సంగతి నాకు తెలీదా?"

టైలరమ్మ ఇన్‌స్పెక్టరమ్మ ఫైల్లోంచి డబ్బు తీసే ఫారం లాక్కుని అతని గుండెల మీద పెట్టింది. పెన్ను వేళ్ళ మధ్య ఇరికించింది.

"సంతకం పెట్టు. ఆ ఒక్క వంతు నాకు చాలు."

పెన్ను దుప్పటి మీదికి జారింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. అది నీరసమో, మొండితనమో, చూస్తున్నవాళ్ళకు అర్థం కాలేదు.

"నీ మీద కేసు పెడతాను."

"పెట్టు. వాయిదాలకి నేను రాలేను గానీ." నవ్వబోతే దగ్గు వచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ ఉన్నమాట చెప్పింది. షాపు ఆవిడది, కాబట్టి కేసు నిలబడుతుంది. డబ్బు మాత్రం నాలుగింటిలోపు రాదు. మరిది అన్న కాళ్ళు పట్టుకుని, పెట్టన్నయ్యా, పెట్టు అని బతిమాలాడు. రంగుల కొట్టాయన ఎటు చూడాలో తెలియక గోడ చూస్తూ నిలబడ్డాడు.

నాలుగు గంటల ఐదు నిమిషాలకి నర్సు వచ్చింది. పేరు తీసేశామనీ, తర్వాతి వాళ్ళను థియేటర్‌కి తీసుకెళ్తున్నారనీ చెప్పింది. టైలరమ్మ ఫారాన్ని నాలుగు మడతలు పెట్టింది. మంచం చివర కూర్చుని, అతని పాదాల మీద దుప్పటి సర్దింది. ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

పన్నెండో రోజు అతను పోయాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఫిర్యాదు కాగితం వెనక్కి ఇవ్వబోతే టైలరమ్మ తీసుకోలేదు, చింపమనీ అనలేదు. అది ఆ ఫైల్లోనే ఉండిపోయింది.

మీరు ఈ కథ గుర్తుపెట్టుకోండి. ఎవరికైనా చెప్పండి. చెప్పేటప్పుడు అతన్ని దొంగ అనకండి, త్యాగమూర్తి అని కూడా అనకండి. ఆమె సంతకం అడిగిందనీ, అతను పెట్టలేదనీ మాత్రం మరిచిపోకుండా చెప్పండి.