గుంట మగ్గం మీది పెంకులు

కరీంనగర్‌లో ప్రైవేటు డిటెక్టివ్ రాజలింగు గడప తొక్కేవాళ్లు ఎక్కువగా పోయిన నగల కోసం వస్తారు. దుర్గవ్వ మాత్రం పోబోతున్న ఇంటి కోసం వచ్చింది.

"వానకు గోడ కూలింది సారూ. నా మగ్గం గుంటతోనే కూలిందని ఇల్లుగల్ల లచ్చయ్య రెంటు కోర్టుల కేసేసిండు. గుంట తవ్వనిచ్చే ఇల్లు నాకు మళ్ల దొరకది. మగ్గం లేకుంటె ఎట్ల బతకాలె?"

లచ్చయ్యను అప్పటికప్పుడు జైల్లో వేయించాలనిపించింది అసిస్టెంటు హనుమండ్లుకు. రాజలింగు గొడుగు తీసుకున్నాడు.

ఆ ఇంట్లో ఆయన ముందుగా మగ్గం గుంటలోకి దిగాడు. అడుగు పొడిగా ఉంది. కూలగా మిగిలిన గోడ పైభాగం నానిపోయింది, మొదలు మాత్రం గట్టిగా ఉంది. దాని మీది కప్పుకు గూనపెంకులు లేవు, కింద ఒక్క ముక్కయినా పడి లేదు. మగ్గం మీద మాత్రం పెంకులు రెండు పొరలుగా పరిచి ఉన్నాయి.

"ఇవెవరు పరిచిండ్రవ్వా?"

"నాకెరుకలేదు సారూ. గా వానల నేను పెద్దపల్లిల మా అక్క ఇంట్ల ఉన్న."

మర్నాడు ఆయన లచ్చయ్యను, దుర్గవ్వను, ఆమె కొడుకు పోశంను ఆ మగ్గం దగ్గరే కూర్చోబెట్టాడు.

"గుంటతోని కూలితే మొదలు కదలాలె. ఇది పైనుంచి నానింది. ఎవలో పెంకులు తీసి గోడ మీదికి వానను ఇడిచిండ్రు. లచ్చయ్యా, సొంతానికి ఇల్లు కావాలంటె చట్టం ఒప్పుకుంటది. కాని ఊళ్లె నీకు ఇంకో ఇల్లు ఖాళీగున్నది, అట్లుంటె చట్టం ఒప్పుకోదు, గా దారి మూసుకపోయింది. అందుకే ఇల్లు పాడుచేసిందన్న నింద కావాల్సొచ్చింది."

హనుమండ్లు మురిసిపోయాడు. "అయితే పెంకులు తీసింది ఈయనే గద సార్?"

"తీయించిండు. తీసినోడు మగ్గం తెలిసినోడు. మగ్గం మీది గంజి పెట్టిన పడుగు నూలు తడిస్తె పాడైతదని, తీసిన పెంకులు దాని మీదనే కప్పిండు. లచ్చయ్యకు గా పడుగు ఏమైపోతె ఏంది?"

పోశం తల దించుకున్నాడు. "లచ్చయ్య బొగ్గుబాయిల కొలువు ఇప్పిస్తనన్నడవ్వా. గీ గుంటల కాళ్లు పెట్టి బతుకుడు నాతోని గాదు. ఇల్లున్నన్ని రోజులు నువ్వు కదలవు, నన్ను కదలనియ్యవు."

"వీడు గీ మాట కోర్టుల చెప్తె చాలు," అన్నాడు రాజలింగు. "నిన్ను ఎవ్వరు లేపలేరవ్వా."

"చెప్తె వాన్ని ఏం జేస్తరు?"

"గోడ కూల్చినందుకు వీని మీద గూడ కేసైతది."

దుర్గవ్వ కొడుకును చూసింది. తర్వాత కత్తెర తీసి, వాడు తడవకుండా కాపాడిన పడుగును అడ్డంగా కోసేసింది. తాళంచెవి లచ్చయ్య ముందు పెట్టింది.

అద్దెకున్న మనిషి తనంతట తానే ఇల్లు అప్పజెబితే ఏ చట్టమూ అడ్డు రాదు. లచ్చయ్య తాళంచెవి జేబులో వేసుకున్నాడు. హనుమండ్లు తన సార్ ముఖంలోకి చూశాడు. ఆయన గొడుగు తీసుకుని గడప దిగాడు.