నలభై నాలుగో నంబరు కుర్రాడు

శనివారం పొద్దున ఏడు గంటలకు మైలో వావ్రా, బేకరీలో అర డజను కొలాచీ బన్నులు కట్టించుకున్నాడు. గసగసాలు పెట్టినవి మూడు, ఆప్రికాట్ పెట్టినవి మూడు. ప్రతి శనివారం కూతురింటికి పట్టుకెళ్ళేవే. మొక్కజొన్న కోతల రోజులు. ఊరి చివర గింజలు ఆరబెట్టే యంత్రాలు రాత్రంతా తిరిగి ఇంకా హోరుమంటున్నాయి. గాలికి ఎర్రపొట్టు లేచి కార్ల అద్దాల మీద పడుతోంది.

"సంతకం పెడుతున్నావటగా" అంది బేకరీ ఆవిడ, పొట్లానికి దారం చుడుతూ.

"చూడాలి" అన్నాడు మైలో.

"చూడ్డానికేముందయ్యా. ఊరంతా చూసింది నిన్న."

మైలో పొట్లం చంకలో పెట్టుకొని బయటకు వచ్చేశాడు. అతనిది మాటలు తక్కువైన మనిషి. డెబ్భై రెండేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ చుట్టుపక్కల బళ్ళలో, బంతిని చేత్తో పట్టుకొని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలకు రిఫరీగా పనిచేసి, మోకాలు మొరాయించాక ఈల పక్కన పెట్టాడు. ఇప్పుడు గ్యారీ టేసర్ ఊదుతున్నాడు ఆ ఈల. గ్యారీకి పని నేర్పింది మైలోయే.

నిన్న సాయంత్రం హోలెక్ ఊరి గ్రౌండులో ఆర్డెన్ వాళ్ళతో ఆట. ఇంకో నాలుగు నిమిషాల్లో అయిపోతుందనగా ఆర్డెన్ కుర్రాడొకడు బంతి చంకలో ఇరికించుకొని గీత వెంట పరుగు తీశాడు. మైలో మనవడు కోల్బీ, నలభై నాలుగో నంబరు చొక్కావాడు, ఎదురెళ్ళి కొట్టి పడేశాడు. చప్పుడు మైలో నిలబడ్డ కంచె దాకా వినిపించింది. ఇద్దరూ లేచారు. అప్పటికే గ్యారీ నడుముకున్న పసుపు గుడ్డ నేలమీద ఉంది. ఆ ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు, పసుపు గుడ్డ పడిందంటే తప్పు జరిగినట్టు. జట్టును పదిహేను గజాలు వెనక్కి జరపడంతో పోలేదు. కోల్బీని ఆటలోంచి పంపేశాడు. పంపేసినవాడు వచ్చే ఆట కూడా ఆడకూడదు. అది రాష్ట్రమంతటికీ ఒకటే రూలు.

వచ్చే శుక్రవారం ఆట కోల్బీకి సొంత గ్రౌండులో ఆఖరిది. పన్నెండో తరగతి వాళ్ళు ఆరోజు తల్లిదండ్రుల చేతులు పట్టుకొని గ్రౌండు మధ్యకు నడుస్తారు. తర్వాత ఆడతారు. ఆ తర్వాత నూటికి తొంభై తొమ్మిది మంది జీవితంలో మళ్ళీ హెల్మెట్ పెట్టుకోరు. అంత చిన్న ఊరు అది. జట్టులో మొత్తం పదహారు మంది, గ్రౌండులోకి దిగేది ఎనిమిది మంది.

మైలో కూతురింటికి వెళ్ళేసరికి వంటింట్లో టీవీ వాగుతోంది. కూతురు రెనీ బల్ల దగ్గర నిలబడి ఉంది. అల్లుడు డ్వేన్ కోతల దుమ్ము చొక్కాతోనే కాఫీ తాగుతున్నాడు.

"రా నాన్నా. కూర్చో. ఇది చూడు" అంది రెనీ, పొట్లం వైపు కూడా చూడకుండా.

నిన్నటి ఆటే. ఎవరో జనం కూర్చునే గ్రౌండు మెట్ల మీంచి ఫోనుతో తీశారు. కుర్రాడు పరుగెత్తాడు, కోల్బీ కొట్టాడు, గుడ్డ పడింది. రెనీ వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది.

"పదిహేడు సార్లు చూసింది మామయ్యా, పొద్దుట్నించి" అన్నాడు డ్వేన్. "బుర్ర తిరిగిపోయింది నాకు."

"నీ బుర్ర సంగతి తర్వాత. నాన్నా, ఆ అబ్బాయి తలకి తగిలిందా లేదా?"

మైలో కళ్ళద్దాలు పెట్టుకొని చూశాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది. రాష్ట్ర క్రీడా సంఘానికి పంపే విన్నపం. రిఫరీ రూలు తప్పుగా వాడాడని కళ్ళారా చూసినవాడు రాసిస్తే శిక్ష రద్దు చేస్తారు. అలా చూసినవాడు పాత రిఫరీ అయితే ఆ మాటకు తిరుగులేదు. మధ్యాహ్నం పన్నెండు లోపల అందాలి. దానికి జతగా గ్యారీ రాసిన నివేదిక నకలు. అందులో తప్పుల పట్టీ ఉంది, తప్పుకో గడి. "తలకు గురి" అన్న గడిలో గ్యారీ టిక్కు పెట్టాడు.

మైలో ఆ టిక్కు చూసి ఆగిపోయాడు.

"తాతా, వచ్చావా" అంటూ కోల్బీ మెట్లు దిగి వచ్చాడు. నేరుగా పొట్లం దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళమ్మ "చేతులు కడుక్కున్నావురా?" అంటే, తల కాదు, ఒళ్ళంతా ఆమె వైపు తిప్పి "ఊఁ" అన్నాడు. రెనీ టీవీ వైపే చూస్తోంది. డ్వేన్ కప్పులోకి చూస్తున్నాడు. మైలో ఒక్కడే చూశాడు.

"చెప్పు నాన్నా. తలకి తగిలిందా?"

"లేదు."

రెనీ గట్టిగా ఊపిరి వదిలింది. "విన్నావా డ్వేన్?"

"భుజానికి తగిలింది" అన్నాడు మైలో. "తలకు తగిలితేనే 'తలకు గురి'. గ్యారీ తప్పు గడిలో పెట్టాడు."

"అంటే విన్నపం గెలుస్తుందా?"

"గెలుస్తుంది."

డ్వేన్ కప్పు కింద పెట్టి, లేచి కొడుకు వీపు తట్టబోయాడు. కోల్బీ ఒక అడుగు పక్కకు తప్పుకున్నాడు. రెనీ కలం తెచ్చి తండ్రి ముందు పెట్టింది. మైలో దాన్ని ముట్టుకోలేదు.

"ఏం నాన్నా?"

"పట్టీలో దాని కింద ఇంకో గడి ఉందమ్మా. బల్లెంపోటు. నడినెత్తి ముందుకు పెట్టి పొడిస్తే, ఎక్కడ తగిలినా తప్పే. వాడు పెట్టాల్సింది అక్కడ."

"పెట్టలేదు కదా మరి."

"పెట్టలేదు."

"అయితే నీకెందుకు? తప్పు వాడిది. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నట్టు, వాడేం రాస్తే దానికి మా పిల్లాడు బలవ్వాలా?" రెనీ గొంతు పెరిగింది. "గ్యారీ నీ చేతికింద పెరిగాడని వెనకేసుకొస్తున్నావు."

"మామయ్యా, ఒక్క సంతకం" అన్నాడు డ్వేన్ మెల్లగా. "మీరు అబద్ధం రాయక్కర్లేదు. తలకు తగల్లేదని రాయండి చాలు. అది నిజమేగా."

నిజమే. అందుకే మైలోకి కష్టంగా ఉంది. అబద్ధం రాయమంటే ఒక్క మాటతో తేలిపోయేది.

రెనీ కుర్చీ లాక్కొని అతని ఎదురుగా కూర్చుంది. "నాన్నా, నీకు తెలీదు. నేను రిఫరీ కూతుర్ని. బళ్ళో నా డెస్కులో పసుపు గుడ్డలు పడేసేవాళ్ళు. కెఫేలో మనం కూర్చుంటే పక్క బల్లవాళ్ళు లేచిపోయేవాళ్ళు. నేను నిన్నెప్పుడైనా ఒక్క మాటన్నానా? అమ్మ అననిచ్చిందా? నలభై ఆరేళ్ళొచ్చాయి నాకు. ఎవరి వైపూ ఉండని తండ్రి కడుపున పుట్టాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మా వైపు నిలబడు."

టీవీలో బొమ్మ ఆగి ఉంది. మైలో కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సంతకం పెడతాను" అన్నాడు. "ముందు ఇంకోసారి చూపించు."

"పద్దెనిమిదోసారా?"

"ఈసారి ఆ ఆర్డెన్ పిల్లాణ్ణి చూడకు. గ్యారీని చూడకు. మనవాణ్ణి చూడు. ఒక్క మనవాణ్ణే. మెల్లగా నడిపించు."

రెనీ విసుగ్గానే మొదలుపెట్టింది. నలభై నాలుగో నంబరు చొక్కా పరుగెత్తి వస్తోంది. మూడు అడుగుల దూరంలో ముఖం కనిపిస్తోంది. రెండు అడుగుల్లో గడ్డం ఛాతీకి ఆనింది. ఇక ముఖం లేదు, హెల్మెట్ నడినెత్తి మాత్రమే ఉంది. ఎదుటివాడి భుజానికి అది తగిలినప్పుడు వెనక ఉన్న ఒళ్ళంతా బరువుతో వచ్చి మెడ మీద పడింది. మెడ భుజాల్లోకి కుంగిపోయి కనిపించలేదు. తర్వాత మళ్ళీ కనిపించింది.

రెనీ చేతిలో రిమోట్ అలాగే ఉండిపోయింది.

"హెల్మెట్ తలను కాస్తుందమ్మా. మెడను కాయదు" అన్నాడు మైలో. "తల ఎత్తి ఉంటే మెడ స్ప్రింగులా వంగుతుంది. దించితే కర్రలా నిలబడుతుంది. వంగేది విరగదు."

అంత పొడుగు మాట అతను ఆ ఇంట్లో అని ఏడాది అయి ఉంటుంది. ఇంకొకటి కూడా అన్నాడు.

"నిన్న మెట్ల మీద నాలుగు వందల మంది ఉన్నారు. అందరూ బంతిని చూశారు. మీరూ బంతినే చూశారు. మనవాణ్ణి చూసింది గ్యారీ ఒక్కడే."

తర్వాత మనవడి వైపు తిరిగాడు. "కోల్బీ. ఇటు రా. తల ఎడమకు తిప్పు."

కోల్బీ నవ్వి, భుజాలతో సహా తిరిగాడు.

"భుజాలు కాదురా. తల."

ఆ పిల్లాడు ప్రయత్నించాడు. బొటనవేలంత మేర తిరిగి ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

"ఎప్పట్నించిరా?" అంది రెనీ.

"నిన్నట్నించే. చేతులు రెండూ తిమ్మిరెక్కాయి కాసేపు. తర్వాత పోయింది."

"ఎందుకు చెప్పలేదురా మాకు?"

"చెప్తే ఆడనివ్వరని." కోల్బీ చేతిలో ఉన్న కొలాచీని బల్ల మీద పెట్టేశాడు. "వాడు నాకంటే చాలా పెద్దోడమ్మా. దగ్గరికొచ్చేసరికి భయమేసింది. కళ్ళు మూసుకున్నా. తల దించానని నాకు తెలీనే తెలీదు. టీవీలో చూశాకే తెలిసింది."

ఫుట్‌బాల్ ఆడే ఊళ్ళో, తండ్రి ముందు, భయమేసిందని చెప్పడం చిన్న విషయం కాదు. డ్వేన్ లేచి వచ్చాడు. ఈసారి వీపు తట్టలేదు. కొడుకు తలను రెండు చేతులతో, తడిసిన పిట్టను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"నాకూ వేసేదిరా" అన్నాడు. "నీ వయసులో ప్రతి శుక్రవారం వేసేది."

రెనీ అప్పటికే కారు తాళాలు తీసింది. కొడుకును కదలకుండా నిలబెట్టి మెడ చుట్టూ తువ్వాలు మందంగా చుట్టింది. తలుపు దగ్గరికి వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి కాగితం వైపు చూసింది. చింపెయ్యమంటుందేమో అనుకున్నాడు మైలో.

"నువ్వు చూసింది రాయి నాన్నా" అంది. "అంతా రాయి."

కారు వెళ్ళిపోయింది. మైలో ఒక్కడే బల్ల దగ్గర కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్నో నివేదికలు రాశాడు గానీ, సొంత మనవడి పేరు రాయడం ఇదే మొదలు. ఒక్కో అక్షరం నిదానంగా దిద్దాడు. దెబ్బ తలకు తగల్లేదు. భుజానికి తగిలింది. కాబట్టి రిఫరీ టిక్కు పెట్టిన గడి తప్పు. సరైన గడి దాని కిందిది. కుర్రాడు తల దించి నడినెత్తితో కొట్టాడు. శిక్ష సరైనదే. కింద సంతకం పెట్టి, బంధుత్వం అన్నచోట "తాత" అని రాశాడు.

కాగితాన్ని ఫోనుతో ఫోటో తీసి సంఘానికి పంపాడు. తర్వాత గ్యారీకి ఫోను చేశాడు.

"గడి తప్పు పెట్టావు."

"ఇంటికెళ్ళాక తట్టింది గురువుగారూ. నిద్రపట్టలేదు. పిలగాడెట్లా ఉన్నాడు? లేచేటప్పుడు మెడ పట్టుకున్నాడు. అది చూసే పంపించేశాను. లేకపోతే పదిహేను గజాలతో వదిలేద్దును."

"ఆసుపత్రికి తీసుకెళ్ళారు."

"నేనొచ్చేదా?"

"వద్దు. రెనీ చేతిలో పడతావు."

పన్నెండున్నరకు వాళ్ళు తిరిగి వచ్చారు. ఎముకకు ఏమీ కాలేదు. నరం లాగిందట. మూడు వారాలు పరుగులు కూడా వద్దన్నారు. ఇంకోసారి అలాగే తగిలి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోతే, వద్దులెండి అన్నాడట డ్వేన్. కోల్బీ మెడకు మెత్తటి పట్టీతో కూర్చొని మిగిలిన కొలాచీలన్నీ తినేశాడు. రెనీ కాఫీ కలుపుతూ ఒక్కసారిగా ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. ఆ ఏడుపు అవసరమైనదేనని ముగ్గురు మగాళ్ళకూ తెలుసు.

శుక్రవారం సాయంత్రం పొద్దు వాలుతుండగా పన్నెండో తరగతి పిల్లల పేర్లు మైకులో చదివారు. మిగతావాళ్ళు ఆట బట్టల్లో నడిచారు. కోల్బీ తెల్ల చొక్కాలో, మెడ పట్టీతో, అమ్మానాన్నల మధ్య నడిచాడు. వాళ్ళ పేర్లకు చప్పట్లు కొంచెం ఎక్కువే పడ్డాయి.

రిఫరీలు కరువైన జిల్లా. ఆరోజు కూడా గ్యారీయే వచ్చాడు. చారల చొక్కాతో గ్రౌండు పక్కన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు రెనీ వరుసలోంచి పక్కకు తప్పుకొని నేరుగా అతని దగ్గరికి నడిచింది. మెట్ల మీదివాళ్ళంతా అటే తిరిగారు. పోయిన వారం ఆమె అతన్ని ఏమేం తిట్టిందో అందరూ విన్నవాళ్ళే. ఇద్దరూ ఏదో అనుకున్నారు. గ్యారీ టోపీ తీశాడు. ఆమె చెయ్యి చాచింది. అతను పట్టుకొని ఊపాడు.

రెనీ వచ్చి తండ్రి పక్కన నిలబడేసరికి ఆట మొదలైంది.

"ఏమన్నావు వాడితో?" అన్నాడు మైలో.

"మా పిల్లాణ్ణి చూసినందుకు సంతోషం అన్నాను. గడి మాత్రం తప్పు పెట్టావని కూడా అన్నాను."

మైలో చిన్నగా నవ్వాడు.

కొంతసేపు ఇద్దరూ ఆట చూశారు. తర్వాత రెనీ అడిగింది. "నాన్నా, నీకెప్పుడైనా ఎవరైనా వచ్చి అలా చెప్పారా? ఏ తల్లైనా?"

మైలో గ్రౌండు మీంచి చూపు తిప్పలేదు. ఆలోచించాడు. ముప్పై ఒక్క ఏళ్ళు, ఏడాదికి పదీ పన్నెండు ఆటలు.

"లేదమ్మా."

"ఒక్కరూనా?"

"ఒక్కరూ."

రెనీ అతని చేతిలో చెయ్యి వేసింది. చిన్నప్పుడు వేసినట్టు గట్టిగా వేసింది.

"అయితే నేను చెప్తున్నా" అంది. "ఆ పిల్లలందరి అమ్మల తరఫునా."

మైలోకి ఆ తర్వాతి రెండు నిమిషాల ఆట సరిగ్గా కనిపించలేదు. ఎవరో గోలు గీత దాటారు, ఊరు కేకలేసింది. "మనవాళ్ళేనా?" అని కూతుర్ని అడిగాడు. మనవాళ్ళే అంది ఆమె.