ప్రతి ట్రేకీ ఒక ముక్క

జిమ్‌లో అడుగుపెట్టిన మొదటిరోజే కోచ్ అతన్ని దొంగను చూసినట్టు చూసింది.

"బన్ను తిని వచ్చారు కదూ?" అంది, నమస్కారం కూడా లేకుండా.

"లేదండీ. బన్నులు చేసి వచ్చాను."

ఆమె నవ్వలేదు. డైట్ అంటూ వచ్చేవాళ్ళు చెప్పే అబద్ధాలు ఎనిమిదేళ్ళుగా వింటున్న మనిషి. అతను చొక్కా చేతులు పైకి మడిచి చూపించాడు. గోళ్ళ సందుల్లో మైదా, మణికట్టు మీద వేడి ట్రేలు తగిలి కాలిన గీతలు. బేకరీలో బ్రెడ్ చేసే మనిషే లో-కార్బ్ డైట్ కోసం వచ్చాడని అప్పటికి ఆమెకు నమ్మకం కుదిరింది. ఇంకే పనీ దొరకలేదా మీకు అని గొణిగి, అక్కడికక్కడే అతనికి బన్నుబాబు అని పేరు పెట్టేసింది.

ఫారంలో 'లక్ష్యం' అన్నచోట అందరూ పది కిలోలు అనో, పెళ్ళి నాటికి నడుము అనో రాస్తారు. బన్నుబాబు 'అక్క' అని రాశాడు.

"ఇక్కడ ఎంత తగ్గాలో రాయాలండీ. ఇంట్లోవాళ్ళ వివరాలు కింద."

"తెలుసండీ. అక్క కోసమే తగ్గాలి."

అప్పుడు చెప్పాడు. అక్క లివర్ పాడైపోయింది. మందులతో అయ్యే పని కాదు, ఎవరైనా తమ లివర్‌లోంచి కొంత ఇవ్వాలన్నారు. బావ రక్తం కలవలేదు. తమ్ముడిది కలిసింది. కలిసిందన్న సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. స్కానింగ్ చేస్తే అతని లివర్ నిండా కొవ్వే. ఇచ్చేది ముందు బాగుండాలి కదయ్యా అన్నారు డాక్టరుగారు. రిపోర్టు మీద పెన్నుతో ఒక గీత గీసి, పది వారాల్లో కొవ్వు దాని కిందికి దిగాలన్నారు. అంతకు మించి అక్క ఆగలేకపోవచ్చు. అన్నం, బ్రెడ్, చక్కెర, దుంపలు బంద్. గుడ్లు, చేపలు, ఆకుకూరలు. వారంలో మూడు రోజులు బరువులు, మూడు రోజులు కార్డియో.

కోచ్ పెన్ను తీసి 'అక్క' పక్కన టిక్కు పెట్టింది.

"రండి. స్క్వాట్స్‌తో మొదలుపెడదాం," అంది.

బన్నుబాబు నోరు కట్టుకున్నాడు. మామూలుగా కట్టుకోలేదు. ఏం తిన్నదీ ఒక నోట్‌బుక్‌లో రాసి రోజూ కోచ్‌కి చూపించాలి. పొద్దున మూడు గుడ్లు. మధ్యాహ్నం చేప, పాలకూర. సాయంత్రం బాదం పప్పులు పన్నెండు, ఒకటి కింద పడింది కాబట్టి పదకొండు. ఆ పదకొండు చదివిన రోజు కోచ్‌కి నవ్వాగలేదు. నవ్వితే ఆమెకు ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుందని బన్నుబాబు కనిపెట్టాడు. అది మాత్రం నోట్‌బుక్‌లో రాయలేదు.

బరువులెత్తే రోజు ఆమె అతని పక్కన నిలబడి అంకెలు చెప్పేది. తొమ్మిది దాకా సక్రమంగా చెప్పి, పది రాగానే మళ్ళీ తొమ్మిది అనేది. మీకు లెక్కలు రావా అని అతను ఆయాసపడుతూ అడిగితే, మీ అక్కని అడిగి చెబుతా అనేది. ట్రెడ్‌మిల్ మీద అతని కాళ్ళు తడబడితే స్పీడు తగ్గించేది కాదు, పక్క ట్రెడ్‌మిల్ ఎక్కి తనూ పరిగెత్తేది. ఒకరోజు వాన పట్టుకుంది. ఎవరూ రాలేదు. ఇద్దరూ వసారాలో నిలబడి ఉడికించిన గుడ్లు చెరో రెండు తిన్నారు. వాన మరో అరగంట పడాలని అతనికి అనిపించింది. అక్క ఆస్పత్రిలో పడుకుని ఉంటే తనకు ఇలాంటి కోరికేమిటని వెంటనే సిగ్గేసింది.

ఎంత చేసినా బరువు మాత్రం దిగనంటే దిగనంది. వారానికి అరకిలో, ఒక్కో వారం అదీ లేదు. ఆరో వారం చివర స్కానింగ్ తీశారు. కొవ్వు గీతకి ఎంతో పైనే ఉంది. ఇలా అయితే కష్టం అన్నారు డాక్టరుగారు, అతని ముఖం చూడకుండా.

ఆ రిపోర్టు తెచ్చి కోచ్ చేతిలో పెట్టాడు. ఆమె రెండుసార్లు చదివింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"నిజం చెప్పండి. దొంగతనంగా ఏం తింటున్నారు?"

"మా అక్క ప్రాణం మీద దొంగతనం చేస్తానా అండీ నేను?"

నోట్‌బుక్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఇక జిమ్‌కి రాడనే అనుకున్నారంతా.

మర్నాడు ఉదయం అయిదింటికి కోచే బేకరీ వెనక తలుపు తట్టింది. చేతిలో అతని నోట్‌బుక్. నిన్న అన్నదానికి క్షమాపణ అడగలేదు కానీ, ఇవాళంతా మీ పక్కనే ఉంటాను, ఎక్కడ తేడా వస్తోందో చూస్తాను అంది. పిండి బస్తా మీద కూర్చుంది. పొమ్మనడానికి అతనికి నోరు రాలేదు. ఓవెన్ వేడిగా ఉంది, పని మీద పని ఉంది. ట్రేలు లోపలికి పెట్టడం, తీయడం, తట్టి చూడడం, మళ్ళీ పెట్టడం. ఆమె రాసుకుంటూ కూర్చుంది.

ఎనిమిదయ్యేసరికి ఆఖరి ట్రే బయటికొచ్చింది. ఆమె లేచి నిలబడింది.

"పద్నాలుగు," అంది మెల్లగా.

"ఏమిటి?"

"మీరు తిన్న ముక్కలు. పద్నాలుగు ట్రేలు, పద్నాలుగు ముక్కలు. ఇందులో ఒక్కటి కూడా నోట్‌బుక్‌లో రాయలేదు మీరు. ఆరు వారాల్లో ఒక్కరోజూ లేదు."

"అది తినడం కాదండీ," అన్నాడు బన్నుబాబు. "రుచి చూడటం."

అన్నాడే గానీ, ఆ మాట తన చెవిన పడగానే పిండి బల్ల పట్టుకుని అలాగే కూలబడ్డాడు.

అది అక్క పెట్టిన నియమం. తల్లి పోయాక ఆరేళ్ళ తమ్ముణ్ణి పెంచింది అక్కే. చదువబ్బక తిరుగుతుంటే తన బేకరీలో పిండి ముందు నిలబెట్టిందీ అక్కే. ప్రతి ట్రేకీ ఒక ముక్క నోట్లో వేసుకోరా, బావుందనిపిస్తేనే షట్టరెత్తు, మనం తినలేనిది జనానికి అమ్మకూడదు అని చెప్పింది. పదిహేనేళ్ళుగా అతని చెయ్యి ముక్క తుంచడం, నోరు నమలడం ఊపిరి తీసుకున్నంత మామూలుగా జరిగిపోతున్నాయి. రాత్రి అన్నం మానేసి ఏడుపొచ్చేంత ఆకలితో పడుకున్నవాడు, పొద్దునే పద్నాలుగు ముక్కల బ్రెడ్ తిని, తినలేదనే అనుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ట్రేలతో చేతులు కాల్చుకున్నవాడికి ఇంకొకరు చెప్పాలా?

"ఆరు వారాలు," అన్నాడు. "నా చేత్తో నేనే తినేశాను."

కోచ్ అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. "ఆరు వారాలూ నేను మీ నోట్‌బుక్కే చూశాను. చేస్తున్న పనేమిటో అడగలేదు. ఇందులో సగం నాది."

మర్నాటి నుంచి రుచి చూడకుండా ఉండాలని చూశాడు. చెయ్యి వినలేదు. నమిలి ఉమ్మేద్దామంటే గొంతు వినలేదు. అసలు రుచి చూడకుండా షట్టరెత్తుదామంటే మనసు వినలేదు. ఇక ఇలా కాదని కోచే తేల్చేసింది. ట్రేలకి ఆమడ దూరంలో ఉండండి, ముక్క నేను తింటాను అంది.

ఎనిమిదేళ్ళుగా బ్రెడ్ ముట్టని మనిషి. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అతను పరీక్ష రాసినవాడిలా చూస్తున్నాడు.

"బావుంది," అంది.

"బావుంది అంటే కుదరదండీ. పైన పెళుసుగా ఉందా? లోపల పిండి వాసన వస్తోందా? ఉప్పు?"

"బన్నుబాబూ, బావుంది."

రెండో ట్రే బావుంది. మూడోది కూడా బావుంది. నాలుగోది మాడింది, అదీ బావుందనే అంది. తల కొట్టుకున్నాడు. కోచ్‌కి కోపమొచ్చింది. స్క్వాట్స్‌లో మీ నడుము ఎన్నిసార్లు వంగింది, నేను తల కొట్టుకున్నానా అంది. ఆ తర్వాత అతను ఒక్కొక్కటే నేర్పాడు. తుంచగానే వచ్చే చప్పుడు వినడం, నాలుక మీద ఉప్పు ఎక్కడ తగులుతుందో చూడడం. వారం తిరిగేసరికి ఆమె ముక్క నమిలి, ఓవెన్ ఎడమవైపు వేడి తక్కువుంది చూసుకోండి అనేది. సాయంత్రం అతని పక్క ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతూ, ఇదంతా మీ ట్రేల పుణ్యం, నేను రోజూ వేసుకునే ప్యాంటు పట్టడం లేదు అని సాధించేది.

బరువు దిగడం మొదలైంది. ఈసారి నిజంగా దిగింది. అయినా ఏ కిలోకీ అతనికి సంతోషం కలగలేదు. ఇదే మొదట దిగి ఉంటే ఇప్పటికి ఆపరేషన్ అయిపోయేది.

తొమ్మిదో వారంలో కోచ్‌ని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్క కళ్ళు పచ్చబడ్డాయి, చేతులు పుల్లల్లా ఉన్నాయి, నోరు మాత్రం అలాగే ఉంది. ఈ అమ్మాయేనా మా వాణ్ణి పరిగెత్తించేది, చిన్నప్పుడు స్నానానికి రమ్మంటే పరిగెత్తేవాడు, మళ్ళీ ఇప్పుడే అంది. బన్నుబాబు నవ్వలేకపోయాడు. మంచం పక్కన కూర్చుని, ఆరు వారాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.



"నేను చెప్పినవన్నీ గాలికొదిలేశావు," అంది అక్క. "పొద్దెక్కక ముందే అన్నం తినరా అన్నాను, వినలేదు. పెళ్ళి చేసుకోరా అన్నాను, వినలేదు. ఇదొక్కటే గుర్తు పెట్టుకున్నావట్రా?"

అతను ఆమె చేతి మీద తల పెట్టి ఏడ్చాడు. అక్క అతని జుట్టు నిమురుతూ, అతని తల మీదుగా కోచ్ వంక చూసింది.

"ఇప్పుడు రుచి ఎవరు చూస్తున్నారు?" అని అడిగింది.

"నేనేనండీ," అంది కోచ్.

"ఊఁ," అంది అక్క.

పదో వారం స్కానింగ్‌లో కొవ్వు గీత కిందికి దిగింది. డాక్టరుగారు భుజం తట్టారు. అయితే రేపే కదండీ అని అడిగేలోగా, కూర్చోమన్నారు. అక్కకి తెల్లవారుజాము నుంచి జ్వరం. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ చేరింది. అది తగ్గేదాకా కత్తి పెట్టడానికి లేదు. ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేం, తగ్గుతుందనీ చెప్పలేం. ఆమె నిలబడితే రేపో, నెలకో పిలుస్తాం, అప్పటిదాకా మీరు ఇలాగే ఉండాలి, ఒక్క కిలో కూడా పెరగకూడదు అన్నారు. పది వారాలకైతే ఒక చివరుంది. దీనికి అదీ లేదు.

ఆ సాయంత్రం కోచ్ మూడుసార్లు ఫోన్ చేసింది. అతను తీయలేదు. తీస్తే చెప్పాలి, చెబితే నిజమైపోతుంది. ఒప్పుకున్న పది వారాలు కూడా అయిపోయాయి, ఇక ఆమె రావలసిన అవసరం లేదు అనుకున్నాడు.

మర్నాడు ఒక్కడే పిండి కలిపాడు. ఏం కలిపాడో తెలియదు. చేతులు వాటంతటవే పని చేశాయి. మొదటి ట్రే బయటికి తీసి దాని ముందు నిలబడ్డాడు. తుంచడానికి చెయ్యి లేచింది. లేచినది గాల్లోనే ఆగిపోయింది. వెనక తలుపు చప్పుడైంది.

కోచ్ చేతులు కడుక్కుని వచ్చి, ఏమీ అడగకుండా ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. నమలడం ఆపి అతని వంక చూసింది.

"ఉప్పు వేయలేదు," అంది.

పదిహేనేళ్ళలో అతను ఉప్పు మర్చిపోలేదు. పిండి డబ్బా మూత మీద చూశాడు, కొలిచి పెట్టిన ఉప్పు గిన్నె అక్కడే నిండుగా ఉంది. దాన్ని చూసి బన్నుబాబు పిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కొవ్వు గీత కిందికి దిగిన సంగతీ, జ్వరం సంగతీ ఆ ఏడుపులోనే చెప్పాడు. ఆమె విన్నది. చప్పటి బ్రెడ్ మిగతా ముక్క కూడా మెల్లగా తినేసింది.

"ఎన్నాళ్ళంటున్నారు?"

"వాళ్ళకే తెలీదట."

"సరే. అన్నాళ్ళూ వస్తాను."

"ఎందుకండీ? మీ డ్యూటీ అయిపోయింది. నన్ను నమ్ముకుంటే ఏమొస్తుంది? మా అక్కకే నేను అందలేదు."

కోచ్ చేతులు టీషర్టుకి తుడుచుకుంది.

"మంచిరోజు చూసి చెబుదామనుకున్నాను," అంది. "అదెప్పుడొస్తుందో మీ డాక్టరుకే తెలీదు. అందుకని ఇవాళే చెబుతున్నాను. మీరంటే నాకిష్టం. బాదం పప్పులు పదకొండు అని రాసిన రోజు నుంచీ."

అతను ముఖం తుడుచుకుంటే బుగ్గలకి మైదా అంటింది. "నేనిప్పుడు ఎవరికీ పనికొచ్చే స్థితిలో లేనండీ."

"పనికొస్తారని నిన్నటి రిపోర్టులోనే ఉంది కదా."

ఆమె ఎడమ బుగ్గ మీద సొట్ట పడబోయి ఆగిపోయింది. ఆమె కళ్ళలో కూడా నీళ్ళున్నాయి. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అంతకన్న ఏమీ చేతకాలేదు. కొంతసేపయ్యాక మళ్ళీ పిండి కలిపాడు. ఈసారి ఉప్పు ఆమె వేసింది, అతను కొలిచిచ్చిన గిన్నెతో.

రెండో విడత ట్రే చల్లారుతుండగా ఫోన్ మోగింది. బావ. జ్వరం అలాగే ఉందిరా, మాట్లాడొద్దంటే వినడం లేదు, నీతో ఒక్క మాట చెప్పాలట అని బావ ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టాడు. గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది.

"ఇవాళ ట్రే ఎవరు చూశారురా?"

"ఆమే అక్కా."

"ఎలా ఉందంది?"

"మొదటిది ఉప్పు లేదంది. పారేశాం."



"మొహమాటానికి బావుందని అనలేదన్నమాట," అంది అక్క. "రేపు కూడా వస్తుందా?"

అతను కోచ్ వంక చూశాడు. ఆమె తల ఊపింది.

"రోజూ వస్తుంది అక్కా."

"అయితే షట్టరెత్తరా," అంది అక్క.

ఫోన్ పెట్టేసినా జ్వరం జ్వరంగానే ఉంది. కోచ్ కొత్త ట్రేలోంచి ఒక ముక్క తుంచి నమిలి, ఉప్పు సరిపోయిందంది. బన్నుబాబు వెళ్ళి షట్టరెత్తాడు.