ఎడమకాలి చక్రాలు

“పడతావే రాగిణీ! మూతి పగులుద్ది, పన్ను ఊడుద్ది. రేపు బ్యాంకులో కౌంటర్ కాడ ఆ మూతితో ఎలా కూకుంటావు?”

ఆటో ఇంకా వాళ్లుండే పేట గోసాని నువాగాం దాటలేదు. విజయకుమారి మనసులో మాత్రం కూతురు అప్పుడే ఆస్పత్రిలో చేరిపోయింది.

“అమ్మా, ఆదివారం స్కేటింగ్ రేసు గోపాలపూర్ రోడ్డు మీద. సక్రాలు మార్సకపోతేనే పడతాను.”

“అయితే ఆ సక్రాలు నేనే ఏరతాను.”

పాత చక్రాలు ఇంట్లోనే పీకేసి తెచ్చిన స్కేట్లను రాగిణి ఆటసామాన్ల షాపులో గాజుబల్ల మీద పెట్టింది. షాపు నడిపే మనీష్ రెండు రకాల చక్రాలు తీశాడు. విజయకుమారి సంతలో ఆనపకాయను చూసినట్టు రెండింటినీ గోటితో గిల్లి చూసింది.

“ఇది లేతగుంది. ఇట్టే అరిగిపోద్ది. ఆ ముదురుదే ఎయ్యి.”

“మావుసీ,” అని పిన్ని వరస కలిపాడు మనీష్. “ఆ రోడ్డు గరుకు. గట్టివైతే గడగడలాడి జారతాయి. మెత్తవైతే పట్టు ఇడవవు.”

“అరిగిపోతే?”

“సక్రం అరిగితే మారుస్తాను. మోకాలు అరిగితే నేనేటి సేస్తాను?”

రాగిణి నవ్వాపుకోలేక గుమ్మం వైపు తిరిగింది. బయట చినుకులు మొదలయ్యాయి. విజయకుమారికి ఒళ్లు మండింది గానీ మోకాలి మాట గట్టిగానే తగిలింది.

“సరే, మెత్తవే ఎయ్యి.”

చక్రాలు బిగిస్తూ మనీష్ మామూలుగా అన్నాడు. “ఎడమకాలివి అప్పుడప్పుడూ తిప్పి ఎయ్యాలి మావుసీ. మలుపు కాడ తన మడమ లోపలికి వాలుతాది. సక్రాలు అటేపే అరుగుతాయి.”

“పాత సక్రాలు నువ్వు సూడనే లేదు. నా కూతురి మడమ సంగతి నీకెలా తెలుసు?”

స్క్రూ తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

“రోజూ పొద్దున్నే గ్రౌండుకొస్తాను. అందరూ స్కేటింగ్ సేస్తుంటే సూస్తాను.”

“అందరి మడమలూ సూస్తావేటి?”

“లేదు. ఒక్కరివే.” అతని చెవులు ఎర్రబడ్డాయి. “దాపరికం ఎందుకు మావుసీ? పెళ్లి సేసుకుంటావా అని తనని అడిగాను. ఇంతవరకూ ఏటీ అన్లేదు. కాదంటే మళ్లీ అడగను.”

విజయకుమారి కూతురి వైపు తిరిగింది. “ఏటే, నీకిష్టమేనా?”

రాగిణి గుమ్మం బయటికే చూస్తోంది. వాన జోరందుకుంది. విజయకుమారికి భయాలు వరస కట్టాయి. షాపు సరిగ్గా నడవదేమో, అత్త గయ్యాళేమో, చుట్టాలు నవ్వుతారేమో! పిల్ల ఇంకా పలకలేదు. అప్పుడు వాటన్నిటినీ తోసుకుని ఇంకో భయం వచ్చింది. రాగిణి కాదంటే? బిడ్డ అడుగు ఎటు వాలుతుందో ఇంతగా చూసేవాడు మళ్లీ ఎక్కడ దొరుకుతాడు?

అవునని చెప్పవే తల్లీ అని నోటిదాకా వచ్చింది. బలవంతాన మింగేసింది.

“ఇష్టమేనమ్మా,” అంది రాగిణి చివరికి. “నువ్వు బెంగెట్టుకుంటావనే ఇన్నాళ్లూ నోరిప్పలేదు.”