చిట్టమ్మ ముద్దుటుంగరం

"మామ్మా! నీ ఉంగరం మీద 'చి' తిరగేసి ఉందేటి?" అంటూ పకపకా నవ్వింది సాయిదుర్గ.

ఆదివారం పొద్దున్న. జాలారిపేటలో వాళ్ల అరుగు మీద ఐదు గంపల ఎండు నెత్తళ్లు ఉన్నాయి. చిట్టమ్మ ఆ చిన్న చేపల్ని ఎండబెట్టి అమ్ముతుంది.

"అది సదవడానికి కాదే పిచ్చిమొకమా, ఒత్తడానికి," అంది చిట్టమ్మ. గంప తాడు ముడి మీద కరిగిన లక్క వేసింది. పిడికిలి బిగించి, వేలి ఉంగరాన్ని దాని మీద నొక్కింది. "ఇప్పుడు సూడు."

ఎర్రటి లక్క మీద 'చి' చక్కగా అచ్చయింది. సాయిదుర్గ నోరు తెరిచింది.

"దీన్ని ముద్దుటుంగరం అంటారు. మీ తాత సేయించాడు. ఈ ముద్ర ఉందంటే, సరుకు అడుగుదాకా నాను సూసానని. అందుకే తగరపువలసలో సేపలమ్మే కాంతం నా గంప ఇప్పకుండానే కొంటాది. ఇరవై ఏళ్లలో ఒక్క మాట రాలేదు."

మూడు గంపలకు ముద్ర పడింది. ఇంతలో వీధి కుళాయి వచ్చిందని ఎవరో కేక వేశారు. చిట్టమ్మ ఉంగరం తీసి కిటికీలో పెట్టి, బిందె పట్టుకుని పరుగెత్తింది.

సాయిదుర్గ ఉంగరాన్ని బొటనవేలికి తొడుక్కుంది. మిగతా వేళ్లకి వదులు మరి! గిన్నెలో లక్క ఇంకా మెత్తగానే ఉంది. 'పాపం మామ్మకి సాయం చేద్దాం' అనుకుంది. నిజం చెప్పాలంటే, సాయం కంటే సరదాయే ఎక్కువ. మిగిలిన రెండు గంపల ముడుల మీదా లక్క వేసి, వంకరటింకరగా ముద్ర కొట్టేసింది.

అంతలో గంపల్ని కాంతం దగ్గరికి చేర్చే ఆటో వీరన్న వచ్చాడు. ముద్రలు చూశాడు. ఐదు గంపలూ ఎత్తుకుని బుర్రుమని వెళ్లిపోయాడు.

నీళ్లతో తిరిగొచ్చిన చిట్టమ్మ ఖాళీ అరుగు చూసింది. "ఓలమ్మో! ఆ రెండూ ఎత్తుకుపోయేడా? అవి అడుగున పచ్చిగా ఉన్నాయే. ఇంకో ఎండ కాయాల."

సాయిదుర్గ ఉంగరమున్న చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "ఇప్పుడెలా మామ్మా?"

"ఏటీ అవదులే. ముద్ర లేని గంప కాంతం ముట్టుకోదు. తిప్పి పంపేస్తాది," అని నిశ్చింతగా బిందె దించింది చిట్టమ్మ.

పచ్చి చేపలు రెండ్రోజుల్లో కుళ్లు కంపు కొడతాయి. కొన్నవాళ్లు కాంతం మీద పడతారు, కాంతం వచ్చి మామ్మ మీద పడుతుంది. నోరు మూసుకుంటే ఆ ముద్ర ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. కానీ పోయేది మామ్మ పేరు. సాయిదుర్గకి మింగలేక కక్కలేక ఏడుపొచ్చేసింది.

"మామ్మా... వాటికి ముద్ర ఉంది. నానే ఏసాను."

చిట్టమ్మ తిట్టలేదు. కొట్టలేదు. ముఖం పాలిపోయింది, అంతే. కొట్టినా బాగుండేది అనిపించింది సాయిదుర్గకి.

బండి తోలేటప్పుడు వీరన్న ఫోన్ ఎత్తడు. చిట్టమ్మ కాంతం నంబరు నొక్కింది.

"నాకియ్యి మామ్మా. నాను సెప్తాను," అని సాయిదుర్గ ఫోన్ అందుకుంది.

"పెద్దమ్మా, వీరన్న ఆటోలో ఐదు గంపలొస్తన్నాయి. రెండిటికి ముద్ర వంకరగా ఉంటాది. అవి అమ్మొద్దు."

"చిట్టమ్మ ముద్ర వంకరగా ఎందుకుంటాది?" అంది కాంతం.

"అవి మామ్మ ఏసినవి కావు. నాను లోపల సూడకుండా ఏసాను. అడుగున పచ్చిగా ఉన్నాయి."

"సరే, తిప్పి పంపుతాను. ఇంతకీ ఎవరమ్మా నువ్వు?"

ఒక్క క్షణం ఫోన్ కట్ చేసేద్దామా అనిపించింది. చేయలేదు. కళ్లు తుడుచుకుంది.

"చిట్టమ్మ మనవరాల్ని పెద్దమ్మా. నా పేరు సాయిదుర్గ," అంది, ఒక్కో అక్షరం స్పష్టంగా వినిపించేలా.